‘ఎన్ని కిలోమీటర్లు?’ అని అడిగితే అబద్ధం చెప్పాను

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఉండే పేట, పనిచేసే బ్యాంకు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవి వదిలేసి, సంగతి మాత్రం ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 44 ఏళ్ళు. ఇంట్లో భర్త, పదో తరగతి చదివే కూతురు, అత్తగారు ఉన్నారు. ఆరేళ్ళ కిందట తల్లి పోయాక ఆమెకు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసేది. మంచం మీద అటూ ఇటూ దొర్లి ఇంట్లోవాళ్ళ నిద్ర పాడుచేయడం ఇష్టం లేక బీచ్ రోడ్డుకు నడకకు వెళ్ళడం మొదలుపెట్టారు. పొద్దున పూట ఆ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు కాబట్టి నిశ్చింతగా నడవగలిగారు. కొన్ని నెలలకు ఆ నడక దానంతట అదే పరుగైంది. కురుసుర జలాంతర్గామి దగ్గర మొదలుపెట్టి కోస్టల్ బ్యాటరీ వైపు వెళ్ళి వెనక్కి తిరిగేవారు. చెవుల్లో పాటలు లేవు, చేతికి లెక్కలు లేవు. “ఆ నలభై నిమిషాల్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు, నేనూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు” అని రాశారు. నాలుగేళ్ళు అలా గడిచాయి. “పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు” అని అత్తగారు అప్పుడప్పుడూ అంటించే చురక తప్ప ఆ పరుగు గురించి ఇంట్లో మాటే ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట, స్నేహితురాలి బలవంతం మీద ఒక పరుగు బృందంలో చేరారు. నలుగురితో పరిచయాలయ్యాయి, చీకట్లో ఒంటరిగా బయల్దేరే బెంగ తీరింది, ఆదివారాలు పరుగయ్యాక బండి దగ్గర అందరూ నిలబడి తినే ఇడ్లీలకు ఉత్తరంలో ఒక పేరా మొత్తం ఇచ్చారు. ఆ ఏడే పెళ్ళిరోజుకు భర్త, పరుగెత్తిన దూరాన్నీ వేగాన్నీ లెక్కపెట్టే జీపీఎస్ వాచీ కొనిపెట్టారు. బృందానికి పెద్దగా ఉన్నాయన ప్రతి ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఒక పట్టిక పెట్టడం మొదలుపెట్టారు: ఎవరు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారు, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరి పేరు ఎవరి పేరుకు పైన ఉంది. కాలేజీ రోజుల్లో 800 మీటర్ల పరుగులో పతకాలు తెచ్చుకున్న భర్త ఆ పట్టికను ఆమెకన్నా శ్రద్ధగా చదివేవారు.

కిందటేడు ఒక హాఫ్ మారథాన్‌ను, అంటే 21 కిలోమీటర్ల పరుగును, ఆమె రెండుంబావు గంటల్లో పూర్తిచేయాలని బృందం లక్ష్యం పెట్టింది. రెండున్నర దాటింది. ఆమె తరువాత ఏడాదికి బృందంలో చేరిన, వయసులో పదేళ్ళు చిన్నదైన సహోద్యోగిని మాత్రం 2 గంటల 14 నిమిషాల 38 సెకన్లలో ముగించింది. ఈమె కారులో కూర్చుని ఏడ్చారు. ఓదారుస్తూనే భర్త “ఇంకాస్త కష్టపడితే వచ్చే ఏడు నువ్వూ కొట్టేస్తావు” అన్నారు. అప్పటి నుంచి అలారం మోగితే గుండెల్లో రాయి పడుతోంది. కుడి మోకాలి కింద, ముందువైపు ఎముక వెంట నొప్పి వస్తోంది. జ్వరమని చెప్పి రెండుసార్లు ఆదివారం పరుగు ఎగ్గొట్టారు. ఇంతకు ముందు పక్కన సైకిల్ మీద వచ్చే కూతురు రావడం మానేసింది. ఎందుకని అడిగితే, “నువ్వు మాట్లాడవమ్మా, వాచీ చూసుకుంటావు” అంది.

జులైలో ఒక రోజు వాచీని ఛార్జింగ్‌లో మరిచిపోయి వెళ్ళారు. దారిలో వాన పట్టుకుంది. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయిందని, తడుస్తూ ఎంతసేపు పరుగెత్తారో తెలియలేదని, చాలా కాలానికి నవ్వొచ్చిందని రాశారు. తలుపు తీస్తూ భర్త “ఎన్ని కిలోమీటర్లు?” అని అడిగారు. “ఆరు” అనేశారు. ఆ చిన్న అబద్ధం ఇప్పటికీ గుచ్చుతోందట.

ఆమె అడిగినవి ఇవి: పోటీ వద్దనుకోవడం నిజంగా నా ఇష్టమా, లేక ఓడిపోతానన్న భయానికి నేను తొడిగిన మంచి చొక్కానా? బృందం మానేయాలా? వచ్చే డిసెంబరులో జరిగే మరో హాఫ్ మారథాన్‌కు ఆయన ఇప్పటికే నా పేరిట డబ్బు కట్టేశారు, దాన్ని ఏం చేయను?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు ఒక సంగతి కంటపడింది. మీ సహోద్యోగిని హాఫ్ మారథాన్ సమయం అందులో సెకన్లతో సహా ఉంది. మీ సమయం మాత్రం ‘రెండున్నర దాటింది’ అని ఉంది, అంతే. ఏడాది గడిచినా ఆవిడ 38 సెకన్లు మీకు గుర్తున్నాయి, మీవి గుర్తులేవు, లేదా రాయబుద్ధి కాలేదు. ఇంకొకటి: ఆరు పేజీల్లో సముద్రం ఒక్కచోటే కనిపించింది, వాచీ మరిచిపోయిన రోజున. రెండేళ్ళుగా మీరు వారానికి నాలుగు రోజులు ఆ సముద్రం పక్కనే పరుగెత్తుతున్నారు.

మొదటి ప్రశ్న మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తున్నట్టుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. భయమా, ఇష్టమా అని అడిగారు. రెండూ ఉన్నాయని నా అభిప్రాయం, ఉండడంలో తప్పేమీ లేదు. కేవలం ఓటమికి జంకే మనిషైతే, చూసేవాళ్ళూ మెచ్చుకునేవాళ్ళూ లేని నాలుగేళ్ళ పాటు చీకటితో లేచి రోడ్డెక్కరు. ఆ నాలుగేళ్ళు మీ ఇష్టానికి సాక్ష్యం. కానీ పోటీ అంటే బొత్తిగా పట్టని మనిషైతే కారులో ఏడవరు కూడా. ఆ కన్నీళ్ళను దాచిపెట్టి, ‘నేను ఆనందం కోసమే పరుగెత్తే మనిషిని’ అని మీకు మీరే చెప్పుకుంటే అది రెండో అబద్ధం అవుతుంది. పైగా అందులో ఒక గోతి ఉంది. ఆనందానికి పరుగెత్తేవాళ్ళు ఉత్తములు, పతకాలకు పరుగెత్తేవాళ్ళు అల్పులు అనుకోవడం మొదలుపెడితే, ఆదివారం రాత్రి పట్టికను తీసేసి దాని స్థానంలో మీరు ఇంకో పట్టిక వేసుకున్నట్టే, ఈసారి మీ పేరు పైన ఉంటుంది.

ఇది నేను ఒడ్డున కూర్చుని చెబుతున్న మాట కాదు. కొన్నేళ్ళ కిందట ఒక పరుగులో నా ముందు పసుపు బనీను వేసుకున్న పెద్దాయన ఒకరు వెళ్తుండేవారు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవారై ఉంటారు. ఆయన నా ముందుండడం నాకు నచ్చలేదు. నాలుగు కిలోమీటర్లు ఆ బనీను వీపునే చూస్తూ, పళ్ళు బిగించి పరుగెత్తి, చివరికి దాటాను. దాటిన రెండు నిమిషాలకు వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేరు; ఆయన వచ్చింది పది కిలోమీటర్ల పరుగుకు, అక్కడ దారి చీలిపోయింది. నా హాఫ్ ఇంకా పదకొండు కిలోమీటర్లు మిగిలి ఉంది, కాళ్ళలో సత్తువ మిగల్లేదు. మనం ఎవరితో పోటీ పడుతున్నామో వాళ్ళకు ఆ సంగతే తెలియకపోవచ్చు, వాళ్ళ దారి కూడా మన దారి కాకపోవచ్చు. మీ సహోద్యోగినికి మీ కన్నీళ్ళ సంగతి తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను.

మన భాషలోనే ‘పరుగు పందెం’ అన్నది దాదాపు ఒకే మాట అయిపోయింది. బళ్ళో ఆటల రోజున సున్నం గీతల మధ్య పరుగెత్తి, మొదటి ముగ్గురూ స్టీలు గ్లాసో సబ్బుపెట్టో అందుకుంటుంటే మిగతావాళ్ళం చప్పట్లు కొట్టాం. పందెం లేని పరుగు అంటే బస్సు కోసం పరుగెత్తడమే. అందుకే పరుగెత్తుతున్నానని చెప్పగానే, ఎదుటివాళ్ళు మర్యాదకైనా ‘ఎన్నో స్థానం?’ అంటారు, లేకపోతే ‘ఎన్ని కిలోమీటర్లు?’ అంటారు. మీ అత్తగారి సామెతకు ఇక్కడ నేను కొంచెం వత్తాసు పలకక తప్పదు. ఆవిడ ఆ మాట అన్న మొదటి నాలుగేళ్ళూ అది మీకు వర్తించలేదు, ఎందుకంటే మీరు అప్పుడు ఏ పాల కోసమూ పరుగెత్తలేదు. తరువాత ఎవరో మీకు పాలగిన్నె చూపించారు.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక పరిశోధన మీ విషయానికి బాగా దగ్గరగా ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే సహజంగానే ఇష్టపడే పిల్లలను తీసుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక ఇచ్చారు. మిగతావాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళకు మామూలుగా ఆడుకునే వేళలో అవే పెన్నులు బల్ల మీద పెట్టి చూస్తే, ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు వాటి జోలికి పోవడం బాగా తగ్గింది. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో మాత్రం ఇష్టం అలాగే ఉంది. పతకం వల్ల చెడు జరగలేదు. ‘దీనికోసమే నువ్వు ఈ పని చేస్తున్నావు’ అని ముందే చెప్పడం వల్ల జరిగింది. మీ వాచీని, మీ భర్తను, బృందం పెద్దను దోషులుగా నిలబెట్టే ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోమంటాను. మీరు రెండేళ్ళు వాళ్ళతో కలిసి ఎక్కువ దూరాలు పరుగెత్తడం నేర్చుకున్నారు, అందులో కొంత మీకు నిజంగా సంతోషాన్నిచ్చింది కూడా. వాళ్ళు ఇచ్చినవాటిలో మీకు పనికొచ్చేవి ఉన్నాయి.

ఇంకో అపోహ కూడా తీసేయాలి. ఇలాంటి పరుగులకు వెళ్ళి ‘పోటీ పడను’ అనడం విచిత్రమేమీ కాదు. ఏ పెద్ద మారథాన్‌లోనైనా వేలమంది బయల్దేరుతారు, గెలిచే అవకాశం ఉన్నవాళ్ళు పిడికెడుమంది. 1981లో లండన్ మారథాన్ మొట్టమొదటిసారి జరిగినప్పుడు ఆ పిడికెడులో ముందున్న ఇద్దరు, అమెరికా నుంచి డిక్ బియర్డ్‌స్లీ, నార్వే నుంచి ఇంగే సిమన్‌సెన్, చేయీ చేయీ పట్టుకుని ఒకేసారి గీత దాటారు. మొదటి విజేత ఎవరని అడిగితే ఇద్దరి పేర్లూ చెప్పాల్సిందే. దానికి పదిహేనేళ్ళ ముందు, 1966లో, బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెట్టుకున్న బాబీ గిబ్ అనే యువతికి ఆడవాళ్ళు అంత దూరం పరుగెత్తలేరంటూ జవాబు వచ్చింది. ఆమె బయల్దేరే చోటుకు దగ్గర్లో పొదల చాటున నిలబడి, కొంతమంది మగవాళ్ళు వెళ్ళాక వాళ్ళలో కలిసిపోయింది. ఛాతీ మీద నంబరు లేదు, ఫలితాల్లో పేరు వేసేవాళ్ళు లేరు. 3 గంటల 21 నిమిషాల చిల్లరలో ముగించింది. బోస్టన్‌లో ఆడవాళ్ళను అధికారికంగా అనుమతించింది 1972లో, ఆమెను విజేతగా గుర్తించింది 1996లో. ఆ రోజు ఆమెకు ఓడించడానికి మరో స్త్రీ లేదు, గెలిస్తే పతకం ఇచ్చేవాళ్ళూ లేరు; అయినా ఆ పరుగులో ఎవరికీ ఏమీ నిరూపించే ఉద్దేశమే లేదని మాత్రం నేననలేను. మనుషుల ఉద్దేశాలు ఎప్పుడూ కాస్త కలగలిసే ఉంటాయి. మీవీ అంతే.

ఇక చేయవలసిన వాటిలోకి వస్తాను. అన్నిటికన్నా ముందు కాలు. మీరు దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు, నేను తేల్చలేను. నొప్పి ఎముక వెంట కొంత పొడవునా ఉండి, కాస్త కదిలాక తగ్గుతుంటే అది సాధారణంగా ఎముకకు అంటుకున్న కండరాల మీద భారం పెరిగినందువల్ల వచ్చేది, విశ్రాంతితో సర్దుకుంటుంది. అలా కాకుండా వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమంటున్నా, పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా, ఎముకలో సన్నని చీలిక మొదలై ఉండవచ్చు. అది తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. ఎముకల వైద్యుడికి చూపించండి, మీ వయసులో ఎముకల బలం, విటమిన్ డి ఎలా ఉన్నాయో కూడా అడగండి. ఆయన వద్దంటే పరుగు ఆపాల్సిందే. ఆ ఆపడం మీకు ఒక సాకుగా దొరికిందని మీరు మీలో మీరే సిగ్గుపడతారేమో, పడకండి.

ఆ నొప్పి ఎందుకు వచ్చి ఉంటుందో మీ ఉత్తరంలోనే ఉంది. పట్టిక మొదలయ్యాక మీరు పరుగుకు వెళ్ళిన ప్రతి రోజూ గట్టిగానే పరుగెత్తారు. మారథాన్‌లు గెలిచే వాళ్ళు కూడా వారంలో ఎక్కువ భాగం నింపాదిగానే పరుగెత్తుతారు. పక్కన ఉన్న మనిషితో రెండు పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అది నింపాది పరుగు. మీ అమ్మాయి ‘నువ్వు మాట్లాడవమ్మా’ అన్నదాంట్లో మనసు సంగతితో పాటు ఊపిరి సంగతి కూడా ఉందని నాకనిపించింది. పైగా మీది విశాఖపట్నం. ఉక్కపోతలో చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు, అదే వేగానికి గుండె ఎక్కువ పనిచేయాల్సి వస్తుంది. ఎక్కడో చల్లని ఊళ్ళో మనుషుల కోసం తయారైన లెక్కలను మన తీరం మీద మే నెలలో పాటించబోవడం తగిన పని కాదు. పట్టికలో ఉక్కపోతకు గడి లేదు కదా.

ఇప్పుడు మీ భర్త. మీరు రాసినదాంట్లో నాకు చెడ్డవాడు ఎక్కడా కనిపించలేదు. ఆయన వాచీ కొన్నారు, పట్టిక చదివారు, డబ్బు కట్టారు, తలుపు తీసి ‘ఎన్ని?’ అని అడిగారు. ఆయనకు తెలిసిన పరుగు 800 మీటర్లు. ట్రాక్ మీద రెండు చుట్లు, బాగా పరుగెత్తేవాళ్ళకు రెండు నిమిషాల పని. అందులో సముద్రం చూసే తీరిక ఉండదు, పక్కవాడి మోచేయి తప్ప ఏమీ కనబడదు. ఆయన తన ప్రాణప్రదమైన జ్ఞాపకాన్ని మీకు పంచి ఇస్తున్నానని అనుకుంటున్నారు. మీరు పరుగెత్తడం ఎందుకు మొదలైందో ఆయనకు తెలుసా? ఉత్తరంలో రెండు చోట్ల వెతికాను, చెప్పినట్టు లేదు. నాలుగింటికి మీకు మెలకువ వచ్చేదని, అమ్మ పోయిన దుఃఖాన్ని మీరు బీచ్ రోడ్డు మీద మోశారని ఆయనకు తెలియకపోతే, ఆయన ఇంకేం అడగగలరు? తెలిసినది కిలోమీటర్లే కాబట్టి కిలోమీటర్లు అడిగారు.

మీకు గుచ్చుకుంటున్న ఆ ‘ఆరు’ దగ్గరే మాట మొదలుపెట్టవచ్చు. “ఏమండీ, ఆ వాన రోజు ఆరు అన్నాను కదా, నిజానికి ఎంతో నాకు తెలియదు. వాచీ లేదు. కానీ చాలా రోజులకు ఆ రోజే బాగుంది” అంటే చాలు, తరువాతి మాటలు వాటంతటవే వస్తాయి. పరుగు నుంచి వచ్చిన వెంటనే వద్దు, కారులో వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. చెప్పడానికీ మూల్యం ఉంటుంది. ఆయన నొచ్చుకోవచ్చు; ‘మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు’ అనవచ్చు, ఆ ప్రశ్నకు మీ దగ్గర మంచి జవాబు ఉండకపోవచ్చు. తన కానుకను తిప్పికొట్టారనీ అనుకోవచ్చు. అలాగని చెప్పకుండా వాచీని మెల్లగా సొరుగులోకి చేర్చేస్తే, ఆ సొరుగే రోజూ ఆయనతో మాట్లాడుతుంది, అదీ మీకన్నా కటువుగా. వాచీ పెట్టుకుని పరుగెత్తడం ఇష్టమైతే దానిలో వేగం కనిపించకుండా మామూలు సమయం మాత్రం కనిపించేలా మార్చుకోవచ్చు, యాప్‌లో మీ పరుగులు మీకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. మొదటి రెండు మూడు వారాలు చేయి అలవాటుగా మణికట్టు వైపు తిరుగుతూనే ఉంటుంది, తిరగనివ్వండి.

బృందం విషయంలో నేను కాస్త తటపటాయిస్తున్నాను. మానేస్తే పట్టిక పోతుంది. దానితో పాటు ఇడ్లీలూ పోతాయి, చీకట్లో తోడు పోతుంది. ఆడవాళ్ళకు ఆ తోడు చిన్న విషయం కాదు. ఆ మనుషులకు దూరమైతే ఆరు నెలలకు మీరు పరుగే మానేసే ప్రమాదం కూడా ఉంది. ఉండి ఊరుకుంటే ఇప్పుడున్నదే సాగుతుంది, జ్వరాలు పెరుగుతాయి. మధ్యలో ఇంకో దారి ఉంది: ఉంటూనే, పట్టికలోంచి మీ పేరు తీసేయమని బృందం పెద్దను విడిగా అడగడం, ఆదివారాలు వెనక వచ్చే పని మీరు తీసుకుంటానని చెప్పడం. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉంటున్న మన తెలుగువాళ్ళకు పార్క్‌రన్ సంగతి తెలిసే ఉంటుంది. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో పదమూడు మందితో మొదలైంది. శనివారం పొద్దున్నే ఐదు కిలోమీటర్లు, రుసుము లేదు. అక్కడ అందరికన్నా వెనక నడిచే బాధ్యత ఎప్పుడూ ఒక స్వచ్ఛంద కార్యకర్తది, కాబట్టి వచ్చినవాళ్ళలో ఎవరూ చివరివాళ్ళు కారు. 2024లో వాళ్ళు తమ వెబ్‌సైటు నుంచి వేగం రికార్డుల జాబితాలను కూడా తొలగించారు, ఎవరి సమయం వాళ్ళకు ఉంటుంది. మెచ్చుకున్నవాళ్ళున్నారు, గొడవపడ్డవాళ్ళూ చాలామంది ఉన్నారు. మీరు అడిగినప్పుడు మీ బృందంలోనూ అంతే జరగవచ్చు. ‘మేడం రిటైర్ అయిపోయారా’ అని కొన్నాళ్ళు ఆటపట్టిస్తారు. మీలాగే జ్వరాలు తెచ్చుకుంటున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు మీ పక్కకు చేరడానికి కూడా అవకాశం ఉంది. ఎవరూ చేరకపోతే, వెనక మీరొక్కరే మిగిలితే, ఆ ఏకాంతం మీకు పాత నలభై నిమిషాల్లా ఉంటుందో, వెలివేసినట్టు ఉంటుందో రెండు ఆదివారాల్లో తెలిసిపోతుంది. రెండోదైతే మానేయడానికి అప్పుడు కారణం స్పష్టంగా ఉంటుంది.

డిసెంబరు హాఫ్ గురించి ఈ వారమే తేల్చనక్కర్లేదు. కట్టిన డబ్బు కట్టేశారు. ఆ డబ్బు కోసం ఎముక మీదికి తెచ్చుకోవడం ఎవరూ మెచ్చరు. వైద్యుడు సరేనంటే మీకు రెండు మూడు దారులున్నాయి. వెళ్ళి, అందరికన్నా వెనక నిలబడి, నిర్వాహకుల గడువులోపల నింపాదిగా 21 కిలోమీటర్లు ముగించి రావచ్చు. ఇందులో చిక్కేమిటంటే, బ్యాండు మోగి జనం కదలగానే ఒంటికి ఈ తీర్మానాలేవీ గుర్తుండవు. ఎవరో ఒక పసుపు బనీను మీకూ కనబడుతుంది. మొదటి ఐదు కిలోమీటర్లు మాట్లాడుతూ వెళ్ళే మనిషి ఒకరు తోడుంటే అది కొంత తగ్గుతుంది. లేదా నిజంగానే రెండుంబావు గంటలు సాధించాలని మీకే ఉంటే, సిగ్గుపడకుండా దానికి తయారవ్వండి. నాలుగు నెలల సమయం ఉంది, కానీ కాలు బాగుండాలి, వారంలో ఒక్క రోజే గట్టిగా పరుగెత్తాలి, ఆ అంకె మీరు రాసుకున్నదై ఉండాలి. కారులో వచ్చిన కన్నీళ్ళు చెబుతున్నది ఒకవేళ ఇదే అయితే, దాన్ని అణిచిపెట్టడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. లేదా ఈసారికి వెళ్ళనని చెప్పి, ఆయన్నే మీ బదులు పరుగెత్తమనవచ్చు, నిర్వాహకులు పేరు మార్చడానికి ఒప్పుకుంటే. ఇది వేళాకోళంగా అనడం లేదు. ఇన్నాళ్ళూ మీ పట్టిక చదివిన మనిషికి తన కాళ్ళు కూడా ఎక్కడో గుర్తొస్తూనే ఉండి ఉంటాయి.

మీ అమ్మాయిని మాత్రం డిసెంబరు దాకా ఆపకండి. పదో తరగతి పిల్ల, ట్యూషన్ల మధ్య ఆదివారం పొద్దున తప్ప దొరకదు. కాలు నయమయ్యేదాకా ఎలాగూ నడకే కాబట్టి, సైకిల్‌ను ఇంట్లో పెట్టి నడుద్దామని అడిగి చూడండి. మొదటిసారి రాకపోవచ్చు. రెండోసారి అడిగేటప్పుడు మణికట్టు మీద వాచీ లేకుండా అడగండి.